తొడలో నొప్పా? ఎముకల మందు ఎన్నేళ్లుగా వాడుతున్నారు?

ఎముకలు విరగకుండా ఉండాలని వేసుకునే మందు. అదే మందు ఏళ్లకేళ్లు సాగితే ఎప్పుడైనా తొడ ఎముక పుటుక్కున విరగొచ్చంటే నమ్మబుద్ధి కాదు. మొదట్లో డాక్టర్లకూ ఇది వింతగానే తోచింది. 2001లో న్యూయార్క్ సబ్‌వే రైల్లో నిలబడి వెళ్తున్న 59 ఏళ్ల మహిళకు, రైలు కుదుపుతో బరువంతా ఒక కాలి మీద పడగానే తొడ ఎముక విరిగిపోయింది. కింద పడి ఎముక విరగ్గొట్టుకోలేదు, ఎముక విరిగాకే పడిపోయారు. ఆమె స్వయంగా డాక్టరు. అప్పటికి ఏళ్లుగా అలెండ్రోనేట్ మాత్రలు వాడుతున్నారు. తన అనుభవాన్ని 2006లో వైద్యపత్రికలో రాశారు. అదే రోజుల్లో అమెరికా, సింగపూర్ డాక్టర్లూ ఇలాంటి కేసులను బయటపెట్టారు. చివరికి 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది.

ఇది చాలా అరుదు. కానీ తెలిసి ఉంటే ముందే పట్టుకోవచ్చు. ఎందుకంటే ఈ ఎముక చాలామందిలో చెప్పాపెట్టకుండా విరగదు. వారాలు, నెలల ముందు నుంచే నొప్పి రూపంలో చెబుతూనే ఉంటుంది.

ఏయే మందులతో?

మన ఇళ్లలో అన్నింటినీ కలిపి ‘ఎముకల బలానికి’ అనేస్తుంటారు. కాబట్టి ముందు మీరు వాడుతున్నదేమిటో తెలుసుకోండి. క్యాల్షియం, విటమిన్ డి మాత్రలతో ఈ ఇబ్బంది లేదు. ఇక్కడ చెప్పుకొనేది బిస్‌ఫాస్ఫొనేట్ల గురించి. వీటిలో అలెండ్రోనేట్, రైసిడ్రోనేట్ వారానికోసారి వేసుకునే మాత్రలుగా ఎక్కువగా వాడతారు. ఐబాండ్రోనేట్ మాత్ర నెలకోసారి. జోలెడ్రోనిక్ యాసిడ్‌ను సాధారణంగా ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. పేరు గుర్తులేకపోయినా ‘పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో వేసుకోండి, అరగంట సేపు పడుకోవద్దు’ అని చెప్పిన మాత్ర అయితే అది చాలావరకు ఈ కోవలోదే. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ వేరే రకం మందు. దానితోనూ అరుదుగా ఇలాంటి విరుగుళ్లు కనబడ్డాయి.

ఎందుకిలా?

ఎముక గోడలా ఒకసారి కట్టి వదిలేసింది కాదు, నిత్యం మరమ్మతు జరిగే రోడ్డు లాంటిది. కొన్ని కణాలు దెబ్బతిన్న పాత ఎముకను తవ్వేస్తుంటే, వాటి వెనకే మరికొన్ని కణాలు వచ్చి కొత్త ఎముకతో పూడుస్తుంటాయి. నెలసరి నిలిచాక తవ్వకం పెరిగి, పూడిక వెనకబడుతుంది. అందుకే ఎముక గుల్లబారుతుంది. బిస్‌ఫాస్ఫొనేట్లు ఆ తవ్వే కణాలను కట్టడి చేస్తాయి. దాంతో ఎముక తరుగు ఆగుతుంది, విరిగే ముప్పు తగ్గుతుంది.

అయితే తవ్వకం బాగా తగ్గిపోతే మరమ్మతు కూడా మందగిస్తుంది. మనం నడిచే ప్రతి అడుగుకూ తొడ ఎముక వెలుపలి అంచు మీద లాగినట్టుగా ఒత్తిడి పడుతుంది. అక్కడ ఏర్పడే వెంట్రుకవాసి పగుళ్లు ఎప్పటికప్పుడు మానాలి. అవి మానక ఒకదానికొకటి తోడైతే వెలుపలి వైపు నుంచి చీలిక మొదలై లోపలికి పాకుతుంది. ఒకరోజు మెట్టు దిగుతుంటేనో, పక్కకు తిరిగితేనో అడ్డంగా విరుగుతుంది. పెద్ద వయసులో జారిపడినప్పుడు సాధారణంగా విరిగేది తుంటి దగ్గర. ఇది దానికి కింద, తొడ నిడివిలో విరుగుతుంది. దీన్ని ‘ఎటిపికల్ ఫ్రాక్చర్’ అనటానికి ఈ తేడాయే కారణం.

భయపడాలా?

మందు మానెయ్యాలనిపించే ముందు ఈ లెక్క చూడండి. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో 50 ఏళ్లు దాటిన దాదాపు 1.96 లక్షల మంది మహిళల మీద చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. పది వేలమంది శ్వేతజాతి మహిళలు మూడేళ్లు ఈ మందు వాడితే 149 తుంటి విరుగుళ్లు తప్పుతాయని, అందుకు బదులుగా రెండు ఎటిపికల్ ఫ్రాక్చర్లు రావొచ్చని అందులో తేలింది. తుంటి విరిగితే మంచాన పడటం, ప్రాణం మీదికి రావటం మనం చూస్తూనే ఉన్నాం కదా. కాబట్టి మందు మేలే ఎక్కువ.

కానీ అదే అధ్యయనంలో ఆసియా మూలాలున్న మహిళల లెక్క వేరు. వారిలో పది వేలమందికి 91 తుంటి విరుగుళ్లు తప్పితే, ఎటిపికల్ ఫ్రాక్చర్లు 8 వరకు వచ్చాయి. ఇక్కడా మేలుదే పైచేయి. అయినా నష్టం అంత చిన్నది కాదు. మనవాళ్లు పట్టించుకోవాల్సిన విషయమిది. వాడిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. మందు ఆపాక త్వరగానే తగ్గింది. ఆస్థమా, కీళ్లవాతం వంటి వాటికి స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడేవారికీ ఈ ముప్పు ఎక్కువే.

నొప్పి ఎక్కడుందో చూపించండి

ఎటిపికల్ ఫ్రాక్చర్ బారినపడ్డవారిలో సుమారు 70 శాతం మందికి ముందు నుంచే తొడలోనో, గజ్జల్లోనో నొప్పి ఉంటుంది. లోపలెక్కడో సలుపుతున్నట్టు ఉండి, కాలి మీద బరువు మోపినప్పుడు ఎక్కువవుతుంది. చిక్కేమిటంటే దీన్ని సయాటికా అనో, మోకాళ్ల అరుగుదల అనో అనుకుంటారు. నడుముకు ఎమ్మారై తీస్తారు, మోకాలికి ఎక్స్‌రే తీస్తారు. రెంటిలోనూ వయసుతో వచ్చే మార్పులేవో కనబడనే కనబడతాయి. దాంతో నొప్పికి కారణం దొరికిందనుకుని సరిపెట్టుకుంటారు. చీలిక ఉన్న తొడను ఎవరూ చూడరు.

అందుకని తొడలో కొత్తగా నొప్పి మొదలైతే ‘ఫలానా మందు ఇన్నేళ్లుగా వాడుతున్నాను’ అని మీరే ముందుగా చెప్పండి. రెండు తొడ ఎముకలకూ తుంటి నుంచి మోకాలి దాకా పూర్తిగా ఎక్స్‌రే తీయించాలేమో అడగండి. నొప్పి ఒకవైపే ఉన్నా రెండోదీ చూడాల్సిందే. నాలుగింట ఒక వంతుకు పైగా బాధితుల్లో రెండో కాలిలోనూ ఇలాంటి మార్పులుంటాయి. ఎముక వెలుపలి అంచున చిన్న బొడిపెలా ఉబ్బు కనబడితే అనుమానించాలి. ఎక్స్‌రేలో ఏమీ లేకున్నా నొప్పి తగ్గకపోతే తొడకు ఎమ్మారై అవసరమవుతుంది. ఈలోపు ఆ కాలి మీద బరువు పడనీయకండి. మర్దనలు, వ్యాయామాలతో కాలం గడపొద్దు.

చీలిక దశలోనే దొరికితే బిస్‌ఫాస్ఫొనేట్ ఆపేసి, క్యాల్షియం, విటమిన్ డి సరిచూసి, కొన్నాళ్లు చేతికర్రలతో నడిపిస్తారు. నొప్పి బాగా ఉన్నా, చీలిక లోతుగా ఉన్నా ఎముక విరగకముందే లోపల రాడ్ వేస్తారు. పూర్తిగా విరిగాక చేసేదీ ఇదే ఆపరేషన్. కాకపోతే ఇలాంటి ఎముక మామూలుగా విరిగినదాని కన్నా నెమ్మదిగా అతుకుతుంది.

ఎన్నేళ్లు వాడాలి?

అసలు లోపం ఇక్కడే ఉందనిపిస్తుంది. షుగరు మాత్రల్లా దీన్నీ జీవితాంతం వాడాలనుకుని, పాత చీటీతోనే మందుల షాపులో కొంటుంటారు. మొదలుపెట్టిన ఏడాది అడిగితే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఈ మందు ఎముకలో చేరి ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. కాబట్టి కొంతకాలం ఆపినా రక్షణ వెంటనే పోదు. సాధారణంగా మాత్రలైతే 5 ఏళ్లకు, సెలైన్‌ అయితే 3 ఏళ్లకు ముప్పును మళ్లీ అంచనా వేస్తారు. అది తక్కువగా ఉంటే మందుకు విరామమిచ్చి, అప్పుడప్పుడు డెక్సా స్కాన్‌తో గమనిస్తారు. ఇప్పటికే తుంటి, వెన్నుపూసలు విరిగినవారికి ఇంకా కొనసాగించాల్సి రావొచ్చు. దీన్ని డాక్టరే తేల్చాలి. ఫైలు అట్ట మీద మందు పేరు, మొదలుపెట్టిన నెల, సంవత్సరం రాసి పెట్టుకుంటే ఆయన పని సగం తేలికవుతుంది.

డెనోసుమాబ్‌కు మాత్రం ఈ విరామం మాట వర్తించదు. అది ఎముకలో నిలిచి ఉండదు. తర్వాతి డోసు ఆలస్యమైనా, ఉన్నట్టుండి మానేసినా ఎముక వేగంగా తరిగి వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదముంది. దాన్ని ఆపాల్సి వస్తే డాక్టరు సలహాతో, బదులుగా ఇంకో మందు ఏర్పాటు చేసుకునే ఆపాలి.