ఇంటి అక్వేరియానికి హీటర్: ఎంపిక, అమరిక, పరీక్ష

ఈ భాగం చదివాక మీరు మీ చేపల తొట్టికి హీటర్ అవసరమా కాదా అని నిర్ణయించుకోగలుగుతారు. అవసరమైతే ఎన్ని వాట్లది కావాలో లెక్క వేయగలుగుతారు, కొన్న హీటర్‌ను తొట్టిలో పెట్టే ముందు ఇంట్లోనే పరీక్షించగలుగుతారు. ఉష్ణం, విద్యుత్తు పాఠాల్లో నేర్చుకొన్న సూత్రాలు రెండు మూడు ఇక్కడ పనికివస్తాయి. కొత్త సూత్రాలేమీ లేవు.

పరిచయం

హైదరాబాద్‌లో హీటర్ ఎందుకని మీరు అడగవచ్చు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరిది. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటుంది, చలిగాలులు వీచిన రాత్రుల్లో 10 దగ్గరకు కూడా దిగుతుంది. గప్పీ, మోలీ, ఏంజెల్, బెట్టా వంటి చేపలకు 24 నుంచి 28 డిగ్రీల నీరు కావాలి. డిస్కస్‌కు ఇంకా ఎక్కువ, 28 నుంచి 30 వరకు. నీరు చల్లబడితే ఈ చేపలు ముందు మేత మానేస్తాయి, తరవాత అడుగున కదలకుండా ఉండిపోతాయి. ఉష్ణోగ్రత పగలొకటి, రాత్రొకటిగా ఊగుతుంటే తెల్లమచ్చల జబ్బు పట్టుకొంటుంది. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు కనిపించే ఆ జబ్బుకు కారణం ఒక ఏకకణజీవి.

మీ తొట్టిలో ఉన్నవి గోల్డ్ ఫిష్‌లు మాత్రమే అయితే హీటర్ కొనకండి. అవి చల్లని నీటి చేపలు, మన చలికాలం వాటికి హాయిగానే ఉంటుంది.

గది ముఖ్యం, ఊరు కాదు

వాతావరణ కేంద్రం ఇచ్చే ఉష్ణోగ్రత ఆరుబయటది. మీకు కావలసింది తొట్టి ఉన్న గదిలో తెల్లవారుజామున ఉండే ఉష్ణోగ్రత. పాతబస్తీలో ఈ తేడా బాగా తెలుస్తుంది. హుస్సేనీ ఆలం, శాలిబండ ప్రాంతాల్లో ఇంకా మిగిలి ఉన్న పాత దేవిడీల్లో డంగుసున్నంతో కట్టిన మందపాటి గోడలు పగటి వేడిని రాత్రంతా నెమ్మదిగా వదులుతాయి. బయట 14 ఉన్నా లోపలి గదిలో 19, 20 ఉండవచ్చు. అదే వీధిలో డాబా మీద వేసిన రేకుల గదిలో వేడి నిలవదు, అక్కడ లోపలా 14, 15 డిగ్రీలే ఉండవచ్చు. అందువల్ల పక్కింటివారికి సరిపోయిన హీటర్ మీకు సరిపోతుందని అనుకోకండి. ఒక మామూలు థర్మామీటర్ తెచ్చి, వారం రోజులపాటు తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో గది ఉష్ణోగ్రత రాసుకోండి. వాటిలో అన్నిటికంటే తక్కువ అంకె మీ లెక్కకు ఆధారం.

ఎన్ని వాట్లు?

దుకాణంలో మొదట అడిగేది ‘ట్యాంక్ ఎన్ని ఫీట్లు?’ అని. రెండు ఫీట్లంటే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, అంటే సుమారు 60, 30, 30 సెంటీమీటర్లు. ఇందులో 54 లీటర్లు పడతాయి. అడుగున గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నీరు 45 లీటర్లు. ‘లీటరుకు ఒక వాటు’ అనే లెక్క అందరూ చెబుతారు. అది తప్పు కాదు కానీ, ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకొని వాడాలి.

హీటర్‌కు రెండు పనులున్నాయి. మొదటిది నీటిని వేడెక్కించడం. 1 లీటరు నీటిని 1 డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్లు, అంటే సుమారు 1.16 వాట్-గంటలు కావాలి. మన 45 లీటర్లకు 1 డిగ్రీకి 52 వాట్-గంటలు. రెండవది, అసలైనది, తొట్టి గదిలోకి కోల్పోయే వేడిని నిరంతరం పూరించడం. మూత ఉన్న గాజు తొట్టి, గాలి ఎక్కువగా కదలని గదిలో, ప్రతి చదరపు మీటరు ఉపరితలానికి, ప్రతి డిగ్రీ తేడాకు ఉజ్జాయింపుగా 5.5 వాట్లు కోల్పోతుందనుకోవచ్చు. మన తొట్టి ఆరు ముఖాల మొత్తం 0.9 చదరపు మీటర్లు, కాబట్టి డిగ్రీకి 5 వాట్లు. గది 16, నీరు 26 అయితే తేడా 10 డిగ్రీలు, నష్టం 50 వాట్లు. లీటరుకు ఒక వాటు లెక్క ఇక్కడి నుంచే వచ్చిందని మీకు అర్థమై ఉంటుంది.

ఇప్పుడు నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న పెద్ద తొట్టిని తీసుకోండి. దానిలో నీరు చిన్నదానికి నాలుగున్నర రెట్లు. ఉపరితలం మాత్రం మూడు రెట్లకు లోపే పెరిగింది. అదే 10 డిగ్రీల తేడాకు దాని నష్టం 140 వాట్లు, లీటరుకు 0.7 కూడా లేదు. తొట్టి పెద్దదయ్యేకొద్దీ లీటరుకు కావలసిన వాట్లు తగ్గుతాయి.

మూత తీసేస్తే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. 1 లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 675 వాట్-గంటల వేడి పోతుంది. అది 50 వాట్ల హీటర్ 13 గంటలు ఇచ్చే వేడి. హీటర్ మార్చే ముందు మూత మార్చడం చౌక.

ఒక జాగ్రత్త: హీటర్ మీద రాసిన వాట్లు 230 వోల్టుల వద్ద వచ్చేవి. వోల్టేజి 200కు పడిపోతే 50 వాట్ల హీటర్ ఇచ్చేది 38 వాట్లే, ఎందుకంటే సామర్థ్యం వోల్టేజి వర్గంతో మారుతుంది. ఇళ్లు కిక్కిరిసిన గల్లీల్లో, అందరూ గీజర్లు వేసే వేళ దీన్ని మరిచిపోకండి.

నమ్మకమైన హీటర్ అంటే ఏమిటి?

చాలామంది ఎక్కువ వాట్లుంటే మంచిదనుకొంటారు. ఈ విభాగంలో మీరు బాగా గుర్తుంచుకోవలసింది ఆ అభిప్రాయం ఎందుకు ప్రమాదకరమో.

మామూలు హీటర్ గొట్టంలోనే థర్మోస్టాట్ ఉంటుంది. ఎక్కువ రకాల్లో అది ద్విలోహ పట్టీ. వేడెక్కితే వంగి విద్యుత్తును ఆపుతుంది, చల్లబడితే మళ్లీ కలుపుతుంది. ఇలా రోజూ ఎన్నోసార్లు కలిసి విడిపోయేటప్పుడు నిప్పురవ్వలు వచ్చి కొన స్పర్శలు అరిగిపోతాయి. అరిగిన స్పర్శలు చెడిపోయే తీరు రెండు రకాలు. అవి కలవకపోతే హీటర్ పనిచేయదు. అతుక్కుపోతే ఆగదు.

పనిచేయకపోతే ఏమవుతుంది? నీరు 26, గది 16 ఉన్న మన తొట్టి మొదటి గంటలో 1 డిగ్రీ పోగొట్టుకొంటుంది, తరవాత ఇంకా నెమ్మదిగా. రెండు గంటల కరెంటు కోతలోనూ జరిగేది ఇదే, దానికి కంగారు పడనక్కరలేదు. ఆగకపోతే కథ వేరు. ‘చలి ఎక్కువగా ఉంది’ అని 45 లీటర్ల తొట్టిలో 200 వాట్ల హీటర్ పెట్టారనుకోండి. గది 20, నీరు 26 ఉన్నప్పుడు స్పర్శలు అతుక్కొంటే నీరు గంటకు 3 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. పిల్లలు బడికి వెళ్లి మధ్యాహ్నం తిరిగివచ్చేసరికి 36 దాటి ఉంటుంది. వేడి నీటిలో ప్రాణవాయువు కూడా తక్కువే కరుగుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9.1 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీలకు 7.6 మాత్రమే. అందువల్ల చేపలు ఉపరితలానికి వచ్చి నోళ్లు తెరుస్తాయి. చూసి స్విచ్ ఆపేవారు లేకపోతే ఒక్కటీ మిగలదు.

అదే స్థితిలో 50 వాట్ల హీటర్ అతుక్కుపోతే? అది గదికంటే 10 డిగ్రీలకు మించి నీటిని ఎత్తలేదు. 20 డిగ్రీల గదిలో నీరు ఎంతసేపైనా 30 దాటదు. చేపలు ఇబ్బంది పడతాయి, బతుకుతాయి. కాబట్టి లెక్కకు వచ్చిన వాట్లకు కొంచెం మాత్రమే పైన ఉండే హీటర్ కొనండి. రేకుల గది 14 డిగ్రీలకు దిగితే నష్టం 60 వాట్లు. అక్కడ 100 వాట్లది ఒకటి కాక, 50 వాట్లవి రెండు తీసుకొని తొట్టి రెండు చివరలా పెట్టండి. ఒకటి మొరాయిస్తే రెండవది సగం భారం మోస్తుంది. ఒకటి అతుక్కుపోయినా పెద్ద హాని చేయలేదు. ఖర్చు కొంచెం ఎక్కువే, నా దృష్టిలో ఆ తేడా పెట్టదగ్గదే.

మరో మార్గం, బయట అమర్చే ఉష్ణోగ్రత నియంత్రకం. దాని గ్రాహకం నీటిలో ఉంటుంది, హీటర్ ప్లగ్ దానికి పెట్టాలి. నియంత్రకాన్ని 26 వద్ద, హీటర్ సొంత థర్మోస్టాట్‌ను 28 వద్ద ఉంచండి. గ్రాహకం జారి నీటి బయట పడితే చల్లని గాలిని చూసి నియంత్రకం హీటర్‌ను ఆపదు, అప్పుడు 28 దగ్గర సొంత థర్మోస్టాట్ ఆపుతుంది. రెండూ ఒకేసారి చెడే అవకాశం తక్కువ.

మార్చి వచ్చాక హీటర్‌ను తీసి దాచిపెట్టండి. గదే 32 ఉన్నప్పుడు అతుక్కుపోయిన 50 వాట్ల హీటర్ కూడా నీటిని 42కు తీసుకుపోగలదు.

విద్యుత్తు జాగ్రత్తలు

నీళ్లు కాచుకొనే బకెట్ రాడ్‌ను చేపల తొట్టిలో ‘ఒక్క ఐదు నిమిషాలు’ పెట్టేవారున్నారు. 1500 వాట్ల రాడ్ మన తొట్టిని రెండు నిమిషాలకొక డిగ్రీ చొప్పున వేడెక్కిస్తుంది, దానికి థర్మోస్టాట్ ఉండదు, నీటిలో చేయి పెట్టినవారికి షాక్ ప్రమాదం. ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు.

అక్వేరియం పరికరాల భద్రతకు ఐఇసి 60335-2-55 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. హీటర్ పెట్టె మీద ఆ సంఖ్య, గొట్టం మీద ఐపి 68 గుర్తు, కనీస నీటిమట్టం గీత ఉన్నాయేమో చూడండి. చౌక రకాలు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్ ఉంటుంది, అంటే ఎర్తింగ్ లేదు. అటువంటప్పుడు 30 మిల్లీఆంపియర్ల వద్ద తెగే ఆర్‌సిసిబి మీ మీటర్ బోర్డులో ఉండడం తప్పనిసరి. పాత ఇళ్లలో ఇది ఉండదు. హీటర్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించుకోండి. వైరు సాకెట్‌కంటే కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే వైరు వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి పోదు.

నీరు మార్చే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, 15 నిమిషాలు ఆగండి. వేడి గాజు గొట్టం గాలికి తగిలి, తరవాత చల్లటి నీరు పడితే పగులుతుంది. బోరు నీళ్లు వాడేవారి హీటర్ మీద తెల్లని పొలుసు కడుతుంది. ఆ పొర వేడిని నీటిలోకి పోనివ్వదు. గొట్టాన్ని తీసి వెనిగర్‌లో కాసేపు నానబెట్టి, బాగా కడిగి మళ్లీ పెట్టుకోండి.

బకెట్ పరీక్ష

కొత్త హీటర్‌ను నేరుగా చేపల మధ్య పెట్టవద్దు. పెద్ద బకెట్‌లో 20 లీటర్ల నీరు పోసి, గీత మునిగేలా హీటర్ ఉంచి, నీటిలో కాసేపు నానాక ప్లగ్ పెట్టండి. 26 వద్ద అమర్చండి. విడిగా ఒక థర్మామీటర్ వేలాడదీయండి. అంకెలు చూసే ముందు ప్రతిసారీ ప్లగ్ తీసి నీటిని కలపండి. మొదటి గంటలో 50 వాట్ల హీటర్ 2 డిగ్రీల వరకు పెంచాలి. తరవాత 24 గంటలపాటు, మెలకువగా ఉన్నప్పుడల్లా, ఉష్ణోగ్రత రాయండి. అమర్చిన అంకెకూ థర్మామీటర్ చూపేదానికీ ఒకటి రెండు డిగ్రీల స్థిరమైన తేడా ఉంటే ఫరవాలేదు, మీట తిప్పి సరిచేసుకోవచ్చు. తేడా ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ అవుతుంటే, లేదా దీపం ఆరకుండా నీరు 29 దాటితే, మరునాడే దుకాణంలో తిరిగి ఇచ్చేయండి. అందుకే బిల్లు తీసుకోవడం మరవకండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

మొఘల్‌పురాలోని ఒక ఇంట్లో 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 ఎత్తు ఉన్న మూత గల తొట్టి ఉంది. గది కనిష్ఠ ఉష్ణోగ్రత 17, నీరు 26 ఉండాలి, వోల్టేజి 210కి పడిపోతుంది. 50 వాట్ల హీటర్లు రెండు సరిపోతాయా?

సూచన: ఉపరితలం 1.62 చదరపు మీటర్లు, డిగ్రీకి నష్టం సుమారు 9 వాట్లు, 9 డిగ్రీల తేడాకు 81 వాట్లు. 210 వోల్టుల వద్ద రెండు హీటర్లు కలిసి ఇచ్చేది 83 వాట్లు. కాబట్టి బొటాబొటిగా సరిపోతాయి. మూత సరిగా కూర్చోకపోతే 75 వాట్లవి రెండు తీసుకోవాలి. వాటిలో ఒకటి అతుక్కుపోతే 230 వోల్టుల వద్ద నీరు గదికంటే ఎన్ని డిగ్రీలు పైకి పోగలదో మీరే లెక్కించండి.