వస్త్రము, వృత్తి, ఆరోగ్యము – వినదగిన కొన్ని పాడ్‌కాస్టులు

ఆయుర్వేద శాస్త్రము ఆహార విహారములను గురించి చెప్పుచు, ధరించు వస్త్రమును విస్మరింపలేదు. చరకాచార్యులు సూత్రస్థానములో దినచర్యను వివరించు సందర్భమున, నిర్మలమైన వస్త్రములను ధరించుట వలన ఆయువు, కీర్తి, మనఃప్రసన్నత కలుగునని చెప్పిరి. భావమిశ్రుడు భావప్రకాశములో ఋతువును అనుసరించి వస్త్రమును నిర్ణయించినాడు. శీతకాలమున పట్టు, ఉన్ని, ఎర్రని వస్త్రములు వాతశ్లేష్మహరములు. ఉష్ణకాలమున కాషాయ వస్త్రము పిత్తమును శమింపజేయును. వర్షాకాలమున తెల్లని వస్త్రము ఉష్ణము గాని, శీతము గాని కాక హితమగును. మలిన వస్త్రము దురదను, క్రిములను కలిగించునని కూడ ఆయనయే హెచ్చరించినాడు.

కావున వస్త్రమును గురించిన చర్చ వైద్యునకు పరాయిది కాదు. నేడు ఎందరో యువతులు చదువు ముగించి కుట్టుపని, అద్దకము, చేనేత వస్త్రముల విక్రయము వంటి వృత్తులను చేపట్టుచున్నారు. వారు ఈ విద్యను ఎక్కువగా పాడ్‌కాస్టుల ద్వారా నేర్చుకొనుచున్నారు. పాడ్‌కాస్టు అనగా రేడియో ప్రసంగము వంటిదే. సెల్‌ఫోనులో మనకు తీరిక చిక్కినప్పుడు పెట్టుకొని వినవచ్చును. ఈ మాట 2004లో పుట్టినది. గురుముఖమున విని నేర్చుకొనిన మా తరము వారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఉత్తమ వైద్యుని గుణములలో శాస్త్రమును చక్కగా వినియుండుటను చరకుడు మొదటనే చెప్పినాడు. అయితే వినుటతో పాటు కర్మను అనేక పర్యాయములు చూచియుండుట కూడ కావలెనని ఆయన నియమము. ఈ రెండవ నియమమును వస్త్రవ్యాపారమునకు దిగువారు సైతము మరువరాదు.

దిగువ చెప్పిన అయిదును ఆంగ్లమున ఉన్నవి. ఆంగ్లము రాని తల్లులు తమ పిల్లలను విని సారాంశము చెప్పుమని అడుగవచ్చును.

1. హౌ ఐ బిల్ట్ దిస్

గై రాజ్ అను అమెరికను ప్రసారకుడు 2016లో ప్రారంభించినది ఇది. వ్యాపారములను స్థాపించినవారు తమ కష్టసుఖములను ఇందులో స్వయముగా చెప్పుదురు. వీరిలో పాటగోనియా వస్త్రసంస్థను 1973లో నెలకొల్పిన యివాన్ షునార్డ్ ప్రసంగమును తప్పక వినవలెను. ఆయన మొదట పర్వతారోహకుడు. కొండ ఎక్కుటకు బండలలో దిగగొట్టు ఇనుప మేకులను చేసి అమ్మెడివాడు. ఆ మేకుల వలన బండలు చెడిపోవుచున్నవని గ్రహించి, తనకు మంచి ఆదాయమిచ్చు ఆ సరుకును తానే క్రమముగా విడిచిపెట్టినాడు.

ఆయన తన గ్రంథములో వ్రాసిన ఒక సంఘటన మన పాఠకులకు మిక్కిలి ఉపయోగకరము. 1988లో బోస్టన్ నగరమున వారు కొత్త దుకాణము తెరచిరి. కొద్ది దినములలోనే అందు పనిచేయువారికి తలనొప్పి పట్టుకొన్నది. పరీక్ష చేయించగా గాలి సరిగా మారకపోవుట, నూలు బట్టల నుండి వెలువడు ఫార్మాల్డిహైడ్ కారణములని తేలినది. బట్ట ముడుత పడకుండుటకు, కుంచించుకొని పోకుండుటకు మిల్లులలో పట్టించు పూతలలో ఈ రసాయనము ఉండును. గాలి మార్గమును సరిచేసి ఊరకుండవలసిన చోట వారు మూలమును వెదకిరి. పత్తిచేలలో వాడు పురుగుమందుల వరకు ఆ శోధన సాగినది. తుదకు 1996 నాటికి తమ నూలు వస్త్రములన్నిటికిని సేంద్రియ పత్తినే వాడసాగిరి. నిదాన పరివర్జనము, అనగా రోగకారణమును తొలగించుటయే చికిత్సలో మొదటి మెట్టని మన శాస్త్రము చెప్పును. ఒక వ్యాపారి అట్లే ప్రవర్తించినాడు. 2022లో ఆయన కుటుంబము సంస్థ యాజమాన్యమునే ఒక ట్రస్టునకును, పర్యావరణ రక్షణ కొరకు పనిచేయు సంస్థకును అప్పగించినది.

2. వార్డ్‌రోబ్ క్రైసిస్

క్లేర్ ప్రెస్ అను రచయిత్రి 2017 నుండి నడుపుచున్న కార్యక్రమమిది. బట్ట తయారగుటలో నీటికి, నేలకు, పనివారికి కలుగు హాని ఇందలి ముఖ్య విషయము. ఈ చర్చలన్నిటి వెనుక ఒక విషాదము ఉన్నది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని ఢాకా సమీపమున రానా ప్లాజా అను భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. గోడలు బీటలు వారినవని ముందునాడే తెలిసినను కుట్టుపని వారిని లోనికి పంపిరి. చౌకగా దొరకు చొక్కా వెనుక ఎవరి ఆరోగ్యము వ్యయమైనదో తెలిసికొనదలచినవారు ఈ ప్రసంగములను వినవలెను.

3. ఆర్టికల్స్ ఆఫ్ ఇంటరెస్ట్

ఏవరీ ట్రఫెల్‌మన్ 2018లో ప్రారంభించిన ఈ కార్యక్రమము జేబులు, పిల్లల దుస్తులు, జీన్సు వంటి సామాన్య వస్తువుల పుట్టుపూర్వోత్తరములను చెప్పును. జీన్సు నీలిరంగు మనకు సుపరిచితమైన నీలిమందే. నీలి ఆకు వైద్యులకు కేశ్యద్రవ్యము. నీలిభృంగాది తైలములో ప్రధానమైనది. 1897లో జర్మనీ వారు కృత్రిమ నీలిని విపణికి తెచ్చిన పిదప మన నీలి సేద్యము క్షీణించినది.

జీన్సు విషయమున నేను చేర్చదలచిన మాట ఒకటి కలదు. కొత్త ప్యాంటునకు పాతదాని పోలిక తెచ్చుటకు ఇసుకను మిక్కిలి వేగముతో చిమ్మి రంగును చెరపెడివారు. ఆ ధూళిని పీల్చిన టర్కీ దేశపు యువ కార్మికులకు ఊపిరితిత్తులు గట్టిపడు సిలికోసిస్ వ్యాధి సంక్రమించినది. 2009లో ఆ దేశము ఈ పద్ధతిని నిషేధించినది. గనులలో రాళ్లు కొట్టువారికి వచ్చు వ్యాధి, వేషము కొరకు బట్టలు చేయువారికి వచ్చినదని గమనింపవలెను.

4. డ్రెస్డ్: ది హిస్టరీ ఆఫ్ ఫ్యాషన్

ఏప్రిల్ కలహాన్, క్యాసిడీ జాకరీ అను ఇరువురు చరిత్రకారిణులు 2018లో ప్రారంభించిన ఈ కార్యక్రమము వస్త్రచరిత్రకు సంబంధించినది. దీనిని వినుచు మన చరిత్రను కూడ స్మరింపవలెను. మచిలీపట్నము నుండి ఓడలలో వెళ్లిన అద్దకపు బట్టలు ఐరోపా స్త్రీలను ఎంతగా ఆకర్షించినవనగా, తమ నేతపనివారిని కాపాడుకొనుటకు ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700, 1721లలోను భారతీయ అద్దకములను నిషేధించుచు శాసనములు చేసినవి.

ఆ రంగుల రహస్యము ఔషధశాలలోనే ఉన్నది. కలంకారీ పనివారు మొదట బట్టను కరక్కాయ నీటిలో, పాలతో కలిపి నానబెట్టుదురు. కరక్కాయలోని కషాయరసమే రంగును బట్టకు పట్టించును. బెల్లపు నీటిలో ఇనుప ముక్కలు ఊరవేసి చేసిన కసిమి, కరక్కాయ తగిలిన చోట నల్లనగును. పటికతో కలిసిన మంజిష్ఠ గాని, చిరివేరు గాని ఎరుపునిచ్చును. దానిమ్మ పెచ్చు పసుపు రంగునిచ్చును. కరక్కాయను అనులోమనమునకు, మంజిష్ఠను రక్తశోధనకు, దానిమ్మ పెచ్చును అతిసారమునకు మనము వాడుచున్నాము. వైద్యునకును అద్దకపు పనివానికిని ద్రవ్యగుణ పరిచయము సమానముగా కావలెను.

5. ప్రీ-లవ్డ్ పాడ్‌కాస్ట్

ఎమిలీ స్టోకల్ నిర్వహించు ఈ కార్యక్రమము ఒకరు వాడిన వస్త్రములను మరియొకరు వాడుకొనుటను ప్రోత్సహించును. ఇతరులు ధరించిన వస్త్రములను, పాదరక్షలను ధరింపరాదని సుశ్రుతుడు చెప్పియుండగా దీనిని ఎట్లు సమర్థింతురని కొందరు అడుగవచ్చును. ఆ నిషేధము యొక్క ప్రయోజనము చర్మరోగములు సంక్రమింపకుండుట. మన ఇండ్లలో పుట్టిన బిడ్డను కొత్త బట్టలో గాక, అమ్మమ్మ కట్టిన మెత్తని పాత నూలు చీర ముక్కలో చుట్టుదురు. పాత చీరలతో బొంతలు కుట్టుకొందురు. కావున శుద్ధి చేసిన పాతబట్టకు దోషము లేదు. మరుగు నీటిలో ఉడికించి, తీవ్రమైన ఎండలో రెండు ప్రక్కల ఆరవేయవలెను. ఉడికించుటకు వీలుకాని వానిని సంచిలో గట్టిగా కట్టి వారము దినములు ఉంచినచో గజ్జి పురుగు నశించును. లోదుస్తులు మాత్రము పరులవి ఎన్నడును వాడరాదు.

వ్యాపారమునకు దిగువారు విచారింపవలసినవి

విన్నదానిని ఆచరణలో పెట్టదలచినవారికి వైద్యునిగా నా సలహాలు ఇవి.

మొదటిది: ‘సహజము’ అను మాటను చూచి మోసపోరాదు. మూలికలు గనుక హాని లేదనుట వైద్యములో ఎంత పొరపాటో, ప్రకృతి రంగులు గనుక హాని లేదనుట అద్దకములో అంత పొరపాటు. రంగు నిలుచుటకు మైలుతుత్తము, క్రోమియం లవణములు వాడిన యెడల ఆ నీరు చేలకు, చెరువులకు చేటు. పటిక, కరక్కాయ మేలు. లొద్దుగ వంటి చెట్లలో అల్యూమినియం సహజముగా ఉండుటచే అవియు రంగు పట్టించుటకు పనికివచ్చును.

రెండవది: మిల్లు రంగులు వాడదలచినచో అవి నిషిద్ధములు కావని వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. జర్మనీ 1994లో కొన్ని అజో రంగులను నిషేధించినది. మన ప్రభుత్వము కూడ 1990లలో 112 రంగులను నిషేధించినది. చర్మము మీద హానికరమైన పదార్థములుగా విడిపోవుటయే కారణము.

మూడవది: చేతి తొడుగులు, గాలి వెలుతురు, పనివారికి తగిన విశ్రాంతి, వీటి ఖర్చును పెట్టుబడిలో మొదటనే లెక్కించవలెను. తరువాత చూతమనుకొన్న ఖర్చు ఎవరి శరీరము మీదనో పడును.

నాల్గవది: దగ్గరనున్న వానిని కన్నులారా చూడవలెను. హైదరాబాదులో ఆరంభమైన మల్ఖా ప్రయత్నము, పత్తిని మరల బేళ్లుగా బిగించకుండ, చిన్న యంత్రములతో నూలు వడికి చేనేతవారికి అందించుచున్నది. శ్రీకాకుళము జిల్లా పొందూరులో నేటికిని వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి సన్నని నూలు వడుకు స్త్రీలున్నారు. పది ప్రసంగములు విని ఒక్క దినము అచ్చట కూర్చొనినచో విద్య పూర్ణమగును.

చెవులను కాపాడుకొను విధము

ఇంద్రియములకు విషయములతో అతియోగము, హీనయోగము, మిథ్యాయోగము రోగకారణములని శాస్త్రము. చెవిలో గొట్టములు పెట్టుకొని గంటల తరబడి పెద్ద ధ్వనితో వినుట అతియోగము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారమునకు 40 గంటల వరకు, 80 డెసిబెల్స్ మించని ధ్వనిని పరిమితిగా నిర్దేశించినది. ప్రక్కనున్నవారు పిలిచిన వినబడునంత తక్కువ ధ్వనిలో వినవలెను. వాహనము నడుపునప్పుడు, నిద్రించునప్పుడు వద్దు. చెవిలో హోరు మొదలైనచో మానివేసి వైద్యుని సంప్రదింపవలెను. గోరువెచ్చని నువ్వుల నూనెతో కర్ణపూరణము హితమే గాని, చీము కారుచున్నను, కర్ణభేరికి రంధ్రమున్నను నూనె వేయరాదు.

వస్త్రదోషములకు గృహవైద్యము

కొత్త బట్టను కట్టుటకు ముందు రెండు, మూడు మారులు కుంకుడు రసముతో ఉతికి ఎండలో ఆరవేయవలెను. పూతలు, అదనపు రంగు చాలవరకు పోవును.

బట్ట ఒరసుకొను చోట ఎర్రనై దురద పుట్టినచో ఆ బట్టను విడిచిపెట్టుటయే మొదటి మందు. రెండు చెంచాల త్రిఫల చూర్ణమును రెండు గ్లాసుల నీటిలో సగమగువరకు కాచి, వడపోసి చల్లార్చి, ఆ కషాయములో తడిపిన నూలుబట్టను దినమునకు రెండుమార్లు వేయవలెను. వాపు, రసిక, జ్వరము ఉన్నచో జాగు చేయక వైద్యుని వద్దకు వెళ్లవలెను.

చెమటకాయలకు మంచిగంధము, వట్టివేరు సమముగా నూరి పలుచగా పట్టించి, వదులైన నూలుబట్టలు కట్టవలెను.

బిగువైన కృత్రిమ వస్త్రములలో చెమట నిలిచి తామర పెరుగును. వేపాకు కషాయముతో కడిగి, పూర్తిగా తుడిచి, కానుగ నూనె రాయవచ్చును. తామరకు స్టెరాయిడు కలిసిన క్రీములను దుకాణమున స్వయముగా కొని పూయరాదు. అవి వ్యాధిని దాచి మరింత పెంచును.

చివరగా తల్లులకు ముఖ్యమైన హెచ్చరిక. పసిబిడ్డల బట్టల నడుమ కలరా ఉండలు ఉంచరాదు. జి6పిడి అను ఎంజైము లోపముతో పుట్టిన శిశువుల రక్తకణములు ఆ ఆవిరికి పగిలి, తీవ్రమైన కామెర్లు, ప్రాణాపాయము కలుగును. ఏ బిడ్డకు ఆ లోపమున్నదో చూచినంత మాత్రమున తెలియదు. వస కొమ్ములను గాని, ఎండిన వేపాకును గాని గుడ్డలో మూటకట్టి బీరువాలో ఉంచవలెను. వానిని బిడ్డ నోటికి అందనీయరాదు. కలరా ఉండలతో ముందే దాచిన బట్టలున్నచో ఉతికి, రెండు మూడు దినములు ఎండలో బాగుగా గాలి తగులనిచ్చి, వాసన పూర్తిగా పోయిన పిమ్మటనే బిడ్డకు తొడుగవలెను. బాలింత ఉన్న ప్రతి ఇంట ఈ విషయమును చెప్పగోరుచున్నాను.