డీజిలు వాహనముల మితవ్యయ వేగము: బరంపురము బడాబజారు రవాణాను గూర్చి ఒక విచారణ

బరంపురము బడాబజారునుండి విశాఖపట్టణమునకు సరకు చేరవేయు డీజిలు వ్యానులు ఇచ్ఛాపురము, పలాస, శ్రీకాకుళముల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 270 కిలోమీటర్లు నడువవలెను. 2010లో సంఖ్యలు మారుటకు పూర్వ మిది 5వ నంబరు రహదారి. ఈ రవాణాలో యజమానికిని డ్రైవరుకును తగవు వచ్చునది డీజిలు లెక్కయొద్దనే. సరకు వేగిరము చేరవలెనని త్వరపెట్టిన యజమానియే, లీటరుకు వచ్చు కిలోమీటర్లు తగ్గినంతనే, ట్యాంకునుండి నూనె తీసి అమ్ముకొనెనని డ్రైవరును శంకించును. ఆ లోటులో గాలి పాలెంతయో ముందు తేల్చుట న్యాయము.

బండిని వెనుకకు లాగునవి ముఖ్యముగా రెండు: చక్రముల ఘర్షణ, గాలి. మొదటిది బరువు ననుసరించి ఉండును. వేగముతో అంతగా మారదు. రెండవది వేగవర్గము ననుసరించి పెరుగును. 7 టన్నుల బరువును 6 చదరపు మీటర్ల ముఖవైశాల్యమును గల పెట్టెబాడీ వ్యానును ఉదాహరణముగా గొందము. టన్నుకు 8 కిలోల చొప్పున చక్రముల నిరోధము 56 కిలోలు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున గాలి నిరోధము సుమారు 42 కిలోలు. 80 వేగమున 108 కిలోలు. మొత్తము 98 నుండి 164కు పెరిగినది. ఇంజను నూటికి 30 పాళ్ల సామర్థ్యముతో పనిచేయుననుకొన్నచో, విశాఖకు మొదటి వేగమున 24 లీటర్లు, రెండవ వేగమున 40 లీటర్లు కావలెను. తేలికగా నడచునప్పుడు ఇంజను సామర్థ్యము కొంత తగ్గును గనుక వాస్తవభేదము 16 లీటర్లకు లోపుగనే యుండును. అయినను అది చిన్న లోటు కాదు.

విదేశములలో కుటుంబములు ప్రయాణించు మోటారు గృహముల సమస్యయు నిదియే. బాడీలోపల మంచమున్నను పట్టుచీరల మూటలున్నను గాలికి భేదము లేదుగదా!

అట్లని మరీ మెల్లగా పోయినను లాభము లేదు. ఇంజను తన అంతర్ఘర్షణకై గంటల లెక్కను నూనె త్రాగుచుండును. క్రింది గేరులో ఆ వ్యయ మధికము. కావున పై గేరులో ఇంజను మూలుగకుండ నడచు కనిష్ఠవేగమునకు కొంచెము పైననే మితవ్యయ వేగ ముండును. 1978లో ఏర్పడిన పెట్రోలియము సంరక్షణ పరిశోధన సంఘము 45 నుండి 55 కిలోమీటర్ల వేగమును సూచించుచున్నది. అమెరికాలో 1973 నాటి చమురు సంక్షోభానంతరము, 1974లో, రహదారి వేగమును గంటకు 55 మైళ్లకు పరిమితము చేసిరి.

కాలవ్యయ మొకటి కలదు. 50 వేగమున విశాఖకు 5 గంటల 24 నిమిషములు. 80 వేగమున 3 గంటల 23 నిమిషములు. రెండు గంటల తొందరకు వెల యెంతయో నిర్ణయించుకొనవలసినది యజమానియే; దానిని డ్రైవరు జీతమునుండి రాబట్టుట తగదు.

ప్రతి బండికిని పరీక్ష సులభము. ట్యాంకును గొంతువరకు నింపి, ఒకే బరువుతో, ఒకే వేగమున పోయి తిరిగివచ్చి, అదే పంపులో మరల నింపవలెను. పోకయు రాకయు రెండును కొలువనిచో సముద్రపుగాలి లెక్కను తారుమారు చేయును. ఇట్లు 45, 55, 65 వేగములకు వచ్చిన అంకెలను, ట్రిప్పు పుస్తకములో బయలుదేరిన వేళ, చేరిన వేళలతోగూడ వ్రాసియుంచినచో, లోటు వచ్చిననాడు ఇరువురును చూచుకొనుటకు ఆధార ముండును.