మీ చేను ఏ రంగులో ఉందో చూశారా?

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ ఊరి రైతునైనా నిద్రలేపి అడగండి, తన సర్వే నంబరు టక్కున చెబుతాడు. ఎన్ని గుంటలు, పక్కన ఎవరి గెట్టు, బోరు ఎన్నడుగుల్లో పడింది, అన్నీ నోటికే. అదే రైతును "మాస్టర్ ప్లాన్‌లో మీ చేను ఏ రంగులో ఉంది?" అని అడిగితే మాత్రం చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కొందరు, "ఆ సంగతి ప్లాట్లమ్మే బ్రోకర్‌కు తెలుస్తది" అంటారు. నిజమే, అతనికి తెలుసు. మీకు తెలియకపోవడమే అతని వ్యాపారం.

రంగు అంటే ఏమిటో ముందు చూద్దాం. 2008లో హుడా స్థానంలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్.ఎం.డి.ఎ.) వచ్చింది. ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల దాని కిందికి పోయింది. మన రెండు మండలాలూ అందులోవే. 2031 సంవత్సరం వరకు పనికొచ్చేట్టు ఆ సంస్థ గీయించిన మాస్టర్ ప్లాన్ 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. అందులో ప్రతి సర్వే నంబరుకూ ఒక జోన్ ఉంది: ఇళ్లకు నివాస జోన్, ఫ్యాక్టరీలకు తయారీ జోన్, వ్యవసాయానికి కన్జర్వేషన్ జోన్, ఊరికీ పట్నానికీ మధ్యన పెరి అర్బన్ జోన్. నక్షాలో ఒక్కొక్క దానికీ ఒక రంగు. ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ కిలోమీటరు మేర ఉన్న గ్రోత్ కారిడార్‌కు వేరే నిబంధనలున్నాయి. మేడ్చల్, శామీర్‌పేట రెండు చోట్లా రింగ్ రోడ్డు దిగే దారులున్నాయి గనుక ఈ మాట మనకు ముఖ్యం.

రంగు మారితే పట్టా పోదు. భూమి మీదే, దున్నుకోవచ్చు. ఆ నేలలో ఏం కట్టుకోవచ్చు, లేఅవుట్‌కు అనుమతి వస్తుందా, అమ్మబోతే ఏ ధర పలుకుతుంది అన్నవి మాత్రం ఆ రంగు మీదే ఆధారపడతాయి. చేను మధ్యగా ఒక రోడ్డు గీత పడిందంటే ఆ గీత మీద ఇల్లు కట్టనివ్వరు. రెండెకరాల వాడికి ఇది చిన్న సంగతి కాదు.

గీసేది ఎవరు?

ఈ గీతలు గీసేవాళ్లను ప్లానర్లంటారు. దీనికి వేరే చదువుంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ప్లానింగ్ డిగ్రీ ఉంది. విజయవాడలో కేంద్రం 2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు 1951 నుంచి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా అనే సంఘం ఉంది. దాని శాఖ హైదరాబాద్‌లోనూ పనిచేస్తోంది. ఏటా మహాసభలు జరుపుతారు, నవంబరు 8న ప్రపంచ పట్టణ ప్రణాళిక దినం చేస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు పెద్దల దగ్గర నాలుగు మెలకువలు నేర్చుకునేది ఇలాంటి చోట్లనే.

అయితే మనుషులే చాలరు. 2021 సెప్టెంబరులో నీతి ఆయోగ్ ఒక నివేదిక ఇచ్చింది. దేశంలోని రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖలన్నీ కలిపి మంజూరైన ప్లానర్ పోస్టులు 3,945. వాటిలోనూ నూటికి 42 ఖాళీ. కావలసింది 12 వేలకు పైనే. చాలా రాష్ట్రాల్లో ఆ పోస్టుకు ప్లానింగ్ చదువు తప్పనిసరి కూడా కాదట! పశువుల డాక్టరు పోస్టులో పశువైద్యం చదవని మనిషిని కూర్చోబెడితే మనం ఊరుకుంటామా?

చదివినవాడికి కూడా నేర్పేది ఎక్కువగా పట్నం సంగతులే. మెట్రో రైలు, ఫ్లైఓవరు, పార్కింగ్. చిన్న పట్నంలో వేసిన అధికారి ఒంటరి. పక్కన అడగడానికి ఇంకో ప్లానర్ ఉండడు. రోజంతా ఇళ్ల అనుమతుల ఫైళ్లతోనే సరిపోతుంది. అతన్ని తిట్టి లాభం లేదు. అతనికి తెలియనిది చెప్పాల్సింది మనం.

ఆకాశం నుంచి చూస్తే

ఇప్పుడు నక్షాలు ఉపగ్రహం తీసిన ఫొటోల మీద గీస్తున్నారు. ఏప్రిల్‌లో తీసిన ఫొటో ఒకటి ఊహించుకోండి. యాసంగిలో నీళ్లు లేక బీడు పెట్టిన మడి దాంట్లో 'ఖాళీ స్థలం'లా కనిపిస్తుంది. ఎండిన కుంట మైదానంలా ఉంటుంది. చెరువులోకి నీరు తెచ్చే వాగు కాలువ ముళ్లపొదల గీతలా తోస్తుంది. వానాకాలంలో అదే కాలువ ఎట్లా పారుతుందో, ఏ తూము కింద ఎవరెవరి మడులున్నాయో ఆ ఫొటోకు తెలియదు. శామీర్‌పేట చెరువు సంగతే తీసుకోండి. చెరువు ఎక్కడిదాకా నిండుతుందో కట్ట కింద రైతుకు తెలిసినంత ఎవరికి తెలుసు? చట్టం ప్రకారం 25 ఎకరాలు, ఆ పైబడిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. హద్దు గీత తప్పు పడితే ఈ కొలతలన్నీ తప్పే. అటు చెరువుకూ నష్టం, ఇటు పక్క రైతుకూ నష్టం.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల అనాబ్-ఇ-షాహి ద్రాక్ష పందిళ్లుండేవి. అవి ఏయే సర్వే నంబర్లలో ఉండేవో ఈ రోజు ఏ నక్షా చూసినా చెప్పలేరు.

కామారెడ్డిలో ఏం జరిగింది?

2022 చివర్లో కామారెడ్డి మున్సిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల పంట భూములు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని రైతులకు తెలిసింది. తెలిసేసరికే భయం మొదలైంది. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. 2023 జనవరిలో వేల మంది రోడ్డెక్కారు, కలెక్టరేట్ ముట్టడించారు, బంద్ చేశారు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను వెనక్కి తీసుకోవాలని తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే ఇదే కథ.

గెలిచారు, సరే. కానీ మొదటి గీత గీయకముందే ఒక ప్లానర్ ఆ ఊళ్ల చేలగట్ల మీద నడిచి ఉంటే ఇంత దూరం వచ్చేదా? 1996లో కేరళ ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు ముందు ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చారు. రిటైరైన ఇంజనీర్లను, నిపుణులను పంచాయతీలకు తోడుగా పిలిచారు. మన దగ్గర రాజేంద్రనగర్‌లోనే జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయమూ ఉంది. ఒకటి ప్రణాళిక నేర్పుతుంది, ఇంకోటి పంట నేర్పుతుంది. ఈ రెండు చదువులూ ఒకే చోట కూర్చుని టౌన్ ప్లానింగ్ అధికారులకు పాఠం చెబితే బాగుండునని ఈ వ్యాసకర్తకు ఎప్పటినుంచో ఉంది.

మీరు చేయవలసింది

2025లో మన జిల్లాలో ఆఖరి గ్రామ పంచాయతీలు కూడా మున్సిపాలిటీలయ్యాయి. అలియాబాద్, మూడుచింతలపల్లి, ఎల్లంపేట అట్లా వచ్చినవే. డిసెంబరులో రాష్ట్రంలో సర్పంచ్ ఎన్నికలు జరిగితే మనకు ఎన్నుకోవడానికి సర్పంచే లేడు. గ్రామసభలో లేచి నిలబడి అడిగే వీలు పోయింది. అందుచేత మీ ఊరు ఇప్పుడు ఏ ఆఫీసు కిందికొస్తుందో, అక్కడ టౌన్ ప్లానింగ్ చూసే అధికారి ఎవరో ముందు కనుక్కోండి. 2050 సంవత్సరానికి కొత్త మాస్టర్ ప్లాన్ తయారు చేయిస్తామని ప్రభుత్వం చెప్పి ఉంది. గీతలు పడకముందే కలవడం మేలు.

హెచ్.ఎం.డి.ఎ.లో సర్వే నంబరు చెప్పి భూ వినియోగ సమాచారం అడగవచ్చు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్లానింగ్ కాలేజీ పిల్లలు సర్వేకని ఊళ్లోకి వస్తే వేళాకోళం చేసి పంపకండి. చాయ్ పోసి చెరువు కట్ట మీదికి, కాలువల వెంట తిప్పండి. రేపు మీ పక్క మున్సిపాలిటీలో కుర్చీ వాళ్లదే కావచ్చు.

ముసాయిదా ప్రకటన పత్రికలో పడితే గడువు తేదీ అందులోనే ఉంటుంది, కత్తిరించి దాచుకోండి. అభ్యంతరం నోటిమాటగా చెబితే లెక్కలోకి రాదు. కాగితం మీద సర్వే నంబరు, విస్తీర్ణం, వేసే పంటలు, బావి, బోరు, కాలువ ఎక్కడున్నాయో రాయండి. టిప్పన్ నకలు, పాసు పుస్తకం నకలు, వానాకాలంలో తీసిన చేను ఫొటో జతచేయండి. ఒకే కాలువ కింద రైతులు పదిమంది ఉంటే ఎవరిది వారు ఇచ్చుకుంటూనే, అందరి సంతకాలతో ఇంకొకటి కలిపి ఇవ్వండి. ప్రతి దానికీ రెండు ప్రతులు తీసుకుపోయి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నాకే ఇంటికి బయలుదేరండి.