జంతువు నుంచి రోబోగా మారే బొమ్మ కొంటున్నారా? ముందు దాని వీపు చూడండి!

ఫోల్డబుల్ ఫోన్ కొనేటప్పుడు మనం ముందుగా చూసేది హింజ్. అది గట్టిగా లేకపోతే మిగతా ఫీచర్లు ఎన్ని ఉన్నా దండగే. రూపం మార్చుకునే రోబో బొమ్మల సంగతీ అంతే. బాక్స్ మీద ఫొటో అదిరిపోతుంది, ధర వేలల్లో ఉంటుంది. ఇంటికి తెచ్చాక రోబో నిలబడదు, లేదంటే మొదటి వారంలోనే జాయింట్ విరుగుతుంది. ముఖ్యంగా జంతువుగా మారే మోడల్స్ కొనేవాళ్లు ఏం చూసుకోవాలో ఈ ఆర్టికల్‌లో తెలుసుకుందాం. ఉదాహరణగా హాస్‌బ్రో 2021లో కింగ్‌డమ్ సిరీస్‌లో తెచ్చిన ఆప్టిమస్ ప్రైమల్‌ని తీసుకుందాం.

అసలు జంతువులు ఎందుకొచ్చాయి?

ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు 1984లో మొదలయ్యాయి. అప్పుడు ఎక్కువగా కార్లు, విమానాలే. 1985లో గ్రిమ్‌లాక్ లాంటి డైనోబాట్లు వచ్చాయి కానీ అవి పైకి కూడా లోహపు యంత్రాల్లాగే కనిపించేవి. 1996లో వచ్చిన బీస్ట్ వార్స్ దీన్ని మార్చేసింది. ఆ కథలో గ్రహం నిండా ఎనర్జాన్ రేడియేషన్ ఉంటుంది. దాని నుంచి కాపాడుకోడానికి రోబోలు బొచ్చు, చర్మం ఉన్న జంతువుల రూపం తీసుకుంటాయి. హీరో ఆప్టిమస్ ప్రైమల్ గొరిల్లా, విలన్ మెగాట్రాన్ టి-రెక్స్. 2023లో వచ్చిన రైజ్ ఆఫ్ ది బీస్ట్స్ సినిమాలో కనిపించిన గొరిల్లా కూడా ఈ ప్రైమలే.

కారు కంటే జంతువు ఎందుకు కష్టం?

కారు అంటే దాదాపు ఒక డబ్బా. రోబో కాళ్లూ చేతులూ లోపలికి మడిచి, పైన డోర్లు, బానెట్ మూసేస్తే సరిపోతుంది. ఆ డోర్లే రోబో భుజాల మీద రెక్కల్లా నిలబడినా బాగానే ఉంటుంది. జంతువుకి ఆ వీలు లేదు. గుండ్రటి ఒళ్లు, తల, తోక, నాలుగు కాళ్లు కావాలి. రోబోగా మారాక అవన్నీ ఎక్కడికి పోవాలి? ఎక్కువ బొమ్మల్లో వీపు మీదికి పోతాయి. ఇలా వేరే రూపానికి చెందిన ముక్కలు మిగిలిపోయి వేలాడటాన్ని కలెక్టర్లు కిబుల్ అంటారు. వీపు మీద బరువు పెరిగితే రోబో వెనక్కి పడిపోతుంది. అందుకే బాక్స్ మీద రాసే స్టెప్పుల సంఖ్య కంటే కిబుల్ ఎంత ఉందన్నదే ముఖ్యం.

ఈ లెక్కలో గొరిల్లాది అదృష్టం. దానికి మనలాగే రెండు చేతులు, రెండు కాళ్లు. ప్రైమల్‌లో గొరిల్లా చేతులే రోబో చేతులు, గొరిల్లా కాళ్లే రోబో కాళ్లు. గొరిల్లా తల తప్పుకుని రోబో తల బయటికి వస్తుంది. దాచాల్సింది తక్కువ కాబట్టి రెండు రూపాలూ కుదురుగా ఉంటాయి. చిరుత రూపం ఉన్న చీటార్‌కి నాలుగు కాళ్లు సర్దాలి. అందుకే చిరుత తలనే రోబో ఛాతీ చేశారు. వెలోసిరాప్టర్ అయిన డైనోబాట్‌కి పొడవాటి తోక సమస్య. దాన్ని ఊడదీసి ఆయుధంగా చేతికిచ్చారు. మిగిలే ముక్కకి పని కల్పించడమే మంచి డిజైన్ లక్షణం.

సైజు ఏది తీసుకోవాలి?

హాస్‌బ్రో వీటిని క్లాసులుగా అమ్ముతుంది. కోర్ సుమారు 3.5 అంగుళాలు, డీలక్స్ 5.5, వోయేజర్ 7. ఆ పైన లీడర్ వగైరా ఉన్నాయి. ప్రైమల్ వోయేజర్ క్లాస్. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకే అని కంపెనీ చెబుతుంది. దాన్ని సీరియస్‌గా తీసుకోండి. ఐదేళ్ల పిల్లాడికిస్తే మార్చడం రాక బలంగా లాగుతాడు, బొమ్మ పోతుంది. ఇక టకారా టోమీ 2016లో తెచ్చిన మాస్టర్‌పీస్ ప్రైమల్ (ఎంపీ-32) పెద్దవాళ్ల కోసం. కార్టూన్‌కి చాలా దగ్గరగా ఉంటుంది, మార్చడానికి ఓపిక కావాలి. పిల్లల ఆటకి అది వద్దు.

కొనే ముందు ఈ నాలుగూ చూడండి

1. వీడియో రివ్యూలో రోబోని పక్క నుంచి, వెనక నుంచి చూపించే షాట్ చూడండి. బాక్స్ ఫొటోలు దాదాపు అన్నీ ముందు నుంచే తీస్తారు.

2. జాయింట్ దగ్గర ప్లాస్టిక్ తెల్లబడితే అక్కడ ఒత్తిడి పడుతోందని అర్థం. ఇక బలం పెట్టొద్దు. ముందు చేయాల్సిన స్టెప్ ఏదైనా మిస్సయిందేమో చూసుకోండి.

3. పాతవి సెకండ్ హ్యాండ్‌లో కొంటే బంగారు మెరుపు కలిపిన ప్లాస్టిక్ ఉందేమో అడగండి. 1980ల చివరి నుంచి వచ్చిన కొన్ని బొమ్మల్లో ఈ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, ముట్టుకుంటేనే ముక్కలవుతుంది. అతికించినా నిలవదు.

4. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ మార్క్ తప్పనిసరి. చేతివృత్తుల బొమ్మల్లాంటి కొన్నిటికే మినహాయింపు. సగం ధరకే వస్తోందని మార్క్ లేని నకిలీ కొంటే క్లిప్పులు సరిగ్గా పట్టవు, ఏ రంగులు వాడారో కూడా తెలియదు.

చివరగా, కొనొచ్చా?

మొదటిసారి జంతువు బొమ్మ కొనేవాళ్లకి కింగ్‌డమ్ ప్రైమల్ మంచి ఎంపిక. మార్చడం అర్థమవుతుంది, గొరిల్లాగానూ రోబోగానూ నిలబడుతుంది. అయితే కొన్నేళ్ల కిందటి మోడల్ కాబట్టి కొందరు అమ్మకందారులు ధర పెంచేసి పెడతారు. తొందరపడకుండా రెండు మూడు చోట్ల పోల్చి చూసుకోండి. నాలుగు కాళ్ల జంతువే కావాలంటే మాత్రం వెనక నుంచి తీసిన ఫొటో చూడకుండా ఆర్డర్ పెట్టకండి.