చలికాలంలో సైకిలుకూ కాస్త సేవ!

చలికాలం వచ్చిందంటే మనకు ఎన్ని పనులో! పెట్టెలోంచి స్వెట్టర్లు, రగ్గులు తీసి ఎండలో వేస్తాం. పిల్లల పెదాలు పగలకుండా వెన్న రాస్తాం. గడ్డ కట్టిన కొబ్బరినూనె సీసాను ఎండలో పెడతాం. మరి మెట్ల పక్కన గోడకు ఆనించిన సైకిలు సంగతి? దాని వంక ఎవరమూ చూడం. మగవాళ్ళు చూసుకుంటారులే అని మనం అనుకుంటాం, షాపువాడు చూసుకుంటాడులే అని మగవాళ్ళు అనుకుంటారు.

కానీ ఆ సైకిలు మీదే కదండీ మన అమ్మాయి తెల్లారకుండానే ట్యూషనుకు వెళ్ళేది! ధనుర్మాసంలో పొగమంచు కమ్మేస్తే నాలుగు బారల దూరంలో మనిషి కనబడడు. అలాంటప్పుడు ఎదురుగా లారీ వస్తే పిల్లను కాపాడేది బ్రేకు ఒక్కటే. ఆ బ్రేకు పని చేస్తోందో లేదో ముందు రోజే చూసుకునే బాధ్యత ఇంట్లో ఉన్న మనం తీసుకుంటే తప్పేముంది?

సైకిలు ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటే ఆడవాళ్ళకు సైకిలు తొక్కడం నేర్పారు. పొలం పనులు చేసుకునే తల్లులు కూడా వేల సంఖ్యలో నేర్చుకున్నారు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కోసం ప్రభుత్వం సాయం చేసింది. తొక్కడం వచ్చినవాళ్ళకు తుడుచుకోవడం, నూనె వేసుకోవడం ఒక లెక్కా? కుట్టు మిషనుకు నూనె వేయడం వచ్చిన ప్రతి ఇల్లాలికీ ఈ పని వచ్చినట్టే.

తుప్పు ఎలా పడుతుంది?

ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్ళు స్టీలు గ్లాసులో పోస్తే గ్లాసు బయట చెమట పడుతుంది చూడండి. చలికాలం రాత్రి ఆరుబయట పెట్టిన సైకిలుకూ అంతే. ఇనుము బాగా చల్లబడి గాలిలోని తేమ దానిమీద మంచుబొట్లుగా చేరుతుంది. వానకు తడిస్తే మనమే గబగబా తుడుస్తాం. మంచు మాత్రం చడీచప్పుడు లేకుండా రోజూ తడిపి పోతుంది. ఇనుముకు నీరు, గాలి రెండూ కలిస్తే తుప్పే. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి కూడా తోడై ఇంకా త్వరగా పడుతుంది.

ఈ రోజుల్లో కుర్రాళ్ళు వంపు హ్యాండిలు, సన్న టైర్లు ఉన్న గేరు సైకిళ్ళు కొంటున్నారు. వాటినే రోడ్ బైకులు అంటారు. వాటి ఫ్రేము చాలావరకు అల్యూమినియంతో చేస్తారు కాబట్టి తుప్పు పట్టదు. అలాగని నిశ్చింతగా ఉండకండి. చైను, బ్రేకు తీగలు, స్క్రూలు ఉక్కువే. ఖరీదైన సైకిలయినా ముందు పాడయ్యేవి ఇవే.

అందుకే రాత్రిపూట సైకిలును కప్పు కిందకు చేర్చండి. మెట్ల కింద, వరండాలో, వంటింటి వెనుక రేకుల కింద ఎక్కడైనా సరే. ప్లాస్టిక్ పట్టాతో నేలదాకా బిగించి కప్పవద్దు. లోపలి తేమ బయటికి పోదు, తుప్పు రెట్టింపవుతుంది. పై నుంచి కప్పి, కింద గాలి ఆడేలా వదిలేయండి.

ముందు బ్రేకులు

బ్రేకు పిడి గట్టిగా నొక్కి చూడండి. పిడికీ హ్యాండిలుకూ మధ్య కనీసం రెండు వేళ్ళ సందు మిగలాలి. హ్యాండిలుకు ఆనుకుందంటే తీగ సాగిందన్నమాట, బిగించాలి. తీగ పోగులు విడిపోయి కనబడితే బిగించి లాభం లేదు, మార్చేయాలి.

తర్వాత బ్రేకు రబ్బర్లు చూడండి. రిమ్ముకు ఆనే వైపు గాళ్ళు ఉంటాయి. అవి అరిగి నున్నగా అయిపోతే కొత్తవి వేయించండి, పెద్ద ఖర్చేం కాదు. రబ్బరులో ఇసుక రేణువులు ఇరుక్కుంటే పిన్నీసుతో తీసేయండి. లేకపోతే రిమ్మును గీరేస్తాయి. రబ్బరు రిమ్ముకే తగలాలి, టైరుకు తగిలితే టైరు కోసుకుపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. రిమ్ము మంచుతో తడిసి ఉంటే బ్రేకు వెంటనే పట్టదు. పొద్దున్నే సైకిలు ఎక్కగానే వీధి చివరికి వెళ్ళేలోగా రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు నొక్కమని పిల్లలకు చెప్పండి. రిమ్ము తుడుచుకుంటుంది, బ్రేకు పట్టు కూడా తెలుస్తుంది.

చైనుకు తలంటు

భోగినాడు పిల్లలకు తలంటు పోసినట్టే చైనుకూ పోయాలి. ఏ నూనె పోయాలన్న దగ్గరే మనలో చాలామంది పొరబడతారు. కొబ్బరినూనె అసలు వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డ కట్టే నూనె చలికాలం పొద్దున చైనుకు ఏం మేలు చేస్తుంది చెప్పండి? పల్లీనూనె, పొద్దుతిరుగుడు నూనె అయితే కొద్దిరోజులకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటాయి. సైకిలు షాపులో చైను నూనె అని అడిగితే ఇస్తారు. అది దొరక్కపోతే కుట్టు మిషను నూనె వాడవచ్చు కానీ, పల్చన కాబట్టి వారం వారం వేయాలి.

పద్ధతి ఇదీ. సైకిలును స్టాండు మీద నిలబెట్టి పెడలు వెనక్కి తిప్పుతూ పాత బనియను గుడ్డతో చైను తుడవండి. మురికి గట్టిగా ఉంటే గిన్నెలు తోమే లిక్విడు నీళ్ళలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కిరోసిన్ దొరికితే అదీ పనికొస్తుంది. అయితే ఆ పని వంటింటికి దూరంగా, ఆరుబయట చేయాలి. తడిసిన గుడ్డను పొయ్యి దరిదాపుల్లో ఉంచకూడదు. చైను పూర్తిగా ఆరాక ఒక్కో లింకు మీద ఒక్క చుక్క చొప్పున నూనె వేసి, పది నిమిషాలాగి పైపైన తుడిచేయండి. నూనె ఉండాల్సింది లింకు లోపల. పైన మిగిలితే దుమ్ము తప్ప ఏమీ రాదు. రిమ్ముకు, బ్రేకు రబ్బర్లకు, డిస్కు బ్రేకు పళ్ళానికి మాత్రం చుక్క కూడా తగలనివ్వకండి. నూనె తగిలిన బ్రేకు బ్రేకే కాదు.

చైను అరిగిందో లేదో పిల్లల స్కేలుతో తెలుసుకోవచ్చు. ఒక పిన్ను మధ్యలో సున్నా ఆనించి పట్టుకోండి. అక్కణ్ణుంచి 24వ పిన్ను మధ్య భాగం సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటిందంటే చైను మార్చే వేళయింది. అలాగే లాగిస్తే పళ్ళచక్రాలు కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది.

గాలి సంగతి

చలికి గాలి ముడుచుకుంటుంది, టైరులో ఒత్తిడి తగ్గుతుంది. పంక్చరు లేకపోయినా పొద్దున్నే టైరు మెత్తగా అనిపించడానికి ఇదీ ఒక కారణమే. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, ఒకసారి చదవండి. లావు టైర్లకు తక్కువ, రోడ్ బైకు సన్న టైర్లకు బాగా ఎక్కువ కావాలి. సన్న టైర్లను వారానికొకసారైనా చూడాలి. గాలి చాలకపోతే గుంతలో పడగానే ట్యూబు నలిగి చిల్లి పడుతుంది. పాత రకం సైకిళ్ళకు వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. అది పగిలినా గాలి నిలవదు. కొత్తది ఒకటి కొని ఇంట్లో ఉంచుకోండి.

టైరు చుట్టూ చూపు సారించి ముళ్ళు, గాజుపెంకులు ఉంటే తీసేయండి. లోపలికి దిగకముందే తీస్తే ట్యూబు దక్కుతుంది.

మంచులో కనబడాలి

వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు తెల్లది, చక్రాల చువ్వలకు, పెడళ్ళకు ఉన్నవి వారానికొకసారి తడిగుడ్డతో తుడవండి. బురద పట్టిన రిఫ్లెక్టరు ఉన్నా లేనట్టే. వెనుక మిణుకుమిణుకుమనే ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం తప్పనిసరి. ముదురు రంగు స్వెట్టరు మీద తెల్లటి చున్నీయో చొక్కాయో వేయించండి. చున్నీ కొసలు మాత్రం నడుముకు ముడి వేయాలి, చక్రంలో పడితే ప్రమాదం.

మన పల్లెల్లో ఇదే కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. గింజల మీద, గడ్డి మీద సన్న టైరు జారిపోతుంది. అక్కడ దిగి నడిపించుకు వెళ్ళమని చెప్పండి.

తుపాను నీళ్ళు తగిలితే

కోస్తాలో చలికాలం తుపానులతోనే మొదలవుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి గుర్తుంది కదా! అలాంటప్పుడు చక్రాల ఇరుసుల దాకా నీళ్ళలో మునిగిన సైకిలును పైపైన తుడిచి ఊరుకోకూడదు. ఇరుసు లోపలి గుండ్ల మధ్యకు నీళ్ళు, బురద చేరి గ్రీజు పోతుంది. మెకానిక్ దగ్గర విప్పించి, కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. మామూలు రోజుల్లో కూడా పైపుతో ఇరుసుల్లోకి నీళ్ళు చిమ్మవద్దు. బకెట్టు, గుడ్డ చాలు.

మీ పిల్లలు అమెరికాలోనో, కెనడాలోనో, ఇంగ్లండులోనో ఉండి సైకిలు వాడుతుంటే ఫోనులో ఈ మాట చెప్పండి. అక్కడి చలి ప్రాంతాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, చైనుకు నూనె వేయకపోతే కొద్ది రోజుల్లోనే తుప్పు పడుతుంది. రోడ్డు గడ్డకట్టి అద్దంలా ఉన్న రోజున సన్న టైర్ల సైకిలు అసలు తీయకూడదు.

ఏ పని ఎప్పుడు?

రోజూ: రాత్రి కప్పు కింద పెట్టడం, పొద్దున పొడిగుడ్డతో తుడవడం, బ్రేకు ఒకసారి నొక్కి చూడటం.

వారానికొకసారి: గాలి, చైను తుడిచి నూనె, దీపాలు, రిఫ్లెక్టర్లు.

నెలకొకసారి: బ్రేకు రబ్బర్లు, తీగలు, చైను కొలత, నట్లు బిగించడం.

చలికాలం పోయాక: షాపులో ఒకసారి ఓవర్‌హాలింగ్.

వారం పని అంతా చేసినా కుక్కరు నాలుగు కూతలు కూసేలోపు అయిపోతుంది. ఆ పని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. గుడ్డ మీరు పట్టుకోండి, నూనె డబ్బా దానికివ్వండి. దారిలో చైను ఊడినా, గాలి తగ్గినా ఎవరి కోసమో ఎదురుచూడకుండా తనే సర్దుకుని క్షేమంగా ఇంటికి చేరుతుంది. పెళ్ళీడుకు వంట నేర్పినట్టే, బడి ఈడుకు ఇదీ నేర్పుదాం.