పాత ట్రాక్టరుకు ఆర్పీఎం మీటరు పెట్టిస్తున్నారా?

సెకండ్‌హ్యాండు ట్రాక్టరు బేరమాడేటప్పుడు టైర్లు చూస్తాం, పొగ చూస్తాం, హైడ్రాలిక్ ఎత్తి చూస్తాం. ఆర్పీఎం మీటరు ముల్లు కదులుతోందా అని మాత్రం ఎవరూ అడగరు. దుక్కికైతే ఇంజను చప్పుడు విని నడిపేయవచ్చు. నూర్పిడి దగ్గరే తేడా కొడుతుంది. నూర్పిడి యంత్రాన్ని తిప్పే పీటీవో షాఫ్టు మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరగాలి. వేగం మించితే మినుము బద్దలైపోతుంది. తగ్గితే కాయ సరిగా రాలదు. రెండెకరాల రైతుకు ఇది చిన్న నష్టం కాదు. పగిలిన గింజ చూపించి కొనేవాడు ధర కోసేస్తాడు.

అలాగని వెంటనే కొత్త మీటరు కొనకండి. చాలా పాత ట్రాక్టర్లలో మీటరును తిప్పేది ఇంజను నుంచి వచ్చే కేబులే. లోపలి తీగ తెగి ఉంటే కేబులు మార్చుకుంటే చాలు. మీటరే పోతే అప్పుడు ఎలక్ట్రానిక్ రకం చూడండి.

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. పెట్రోలు బండి మీటరు ఇగ్నిషన్ కాయిల్ నుంచి సిగ్నల్ తీసుకుంటుంది. డీజిల్ ఇంజనుకు ఆ కాయిలే ఉండదు గదా! అందుకే "డీజిల్‌ది, ఆల్టర్నేటర్ మీద నడిచేది, 12 వోల్టులది" అని గట్టిగా అడగండి. ఆల్టర్నేటర్ వెనుక 'డబ్ల్యూ' అని రాసిన టెర్మినల్ ఉంటే సిగ్నల్ వైరు దానికే. లేకపోతే ఎలక్ట్రీషియన్ లోపలి నుంచి వైరు లాగాలి. ఇంకా డైనమోతోనే నడుస్తున్న బండికి ఇది కుదరదు. దానికి కేబులు మీటరు వెతుక్కోవడమే మేలు.

పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించండి. మీటరు పాజిటివ్ వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట, మధ్యలో చిన్న ఫ్యూజుతో కలపాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవచ్చు. ఎర్తు వైరును రంగు గీకిన ఇనుముకు బిగించాలి. మిగిలిన వైరు మీటరు లైటుది. ఏ వైరూ సైలెన్సర్‌కు, ఫ్యాన్ బెల్టుకు తగలకూడదు. రేకు రంధ్రంలోంచి పోయేచోట రబ్బరు వాషరు తప్పనిసరి.

ఆ తర్వాత సెట్టింగు. ఆల్టర్నేటర్‌కు 12 పోల్స్ ఉంటే ఒక చుట్టుకు 6 పల్సులు. ఇంజను పుల్లీ దానికంటే రెండింతలు పెద్దదైతే, ఇంజను చుట్టుకు 12. ఈ లెక్క తప్పితే మీటరు అబద్ధమే చూపిస్తుంది. పుల్లీకి మెరిసే టేపు అంటించి చేతి టాకోమీటరుతో సరిచూడమనండి.

ఇంజను ఎంత తిరిగితే పీటీవోకు 540 అందుతుందో మోడలును బట్టి మారుతుంది, బండి పుస్తకంలో ఉంటుంది. మీటరు అద్దం మీద అక్కడ ఎర్ర రంగు చుక్క పెట్టించండి. రాత్రి నూర్పిడిలో డ్రైవరుకు అదే గుర్తు.